యూరిక్ యాసిడ్ ఉన్న నాన్నగారికి పళ్లరసాలు ఇవ్వొచ్చా?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి గౌట్ (రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లలో పేరుకోవడం వల్ల వచ్చే నొప్పి) ఉంది. అది వచ్చిందంటే కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి అంచు తగిలినా తట్టుకోలేరు. యూరిక్ యాసిడ్ తగ్గడానికి డాక్టరుగారు రాసిన ఫెబుక్సోస్టాట్ వాడుతున్నారు, అది ఆపే ఉద్దేశం లేదు.

ఇబ్బందల్లా చుట్టాల సలహాలతోనే. ఒకరు దానిమ్మ రసం పట్టమంటారు, ఇంకొకరు పరగడుపున అనాస జ్యూస్ తాగితే వాపు లాగేస్తుందంటారు. అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉన్న మాట నిజమే కానీ, అది ఎక్కువగా ఉండేది కాండంలో, మనం తినే గుజ్జులో కాదు. పైగా పళ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర ఒంట్లో అరిగే క్రమంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. పండు తింటే పీచైనా లోపలికి వెళ్తుంది. గ్లాసు బత్తాయి రసానికి నాలుగైదు కాయలు పిండుతాం, పీచేమో జల్లెడలోనే మిగిలిపోతుంది. బండి దగ్గరైతే వేసే చక్కెర సరేసరి. నాన్నగారికి షుగర్ కూడా బార్డర్‌లో ఉంది, అందుకే ఇంత టెన్షన్.

పుల్ల చెర్రీ రసం గౌట్‌కి మంచిదని చాలామంది అంటున్నారు. వేసవిలో కాశ్మీర్, హిమాచల్ నుంచి మనకు వచ్చేవి తీపి చెర్రీలు కదా, అవి తిన్నా గుణం కనిపిస్తుందా? చక్కెర కలపని చెర్రీ రసం సీసా ఎవరైనా వాడారా? చక్కెర లేకుండా నిమ్మరసం నీళ్లు రోజూ ఇస్తే ఫరవాలేదా?

ఇంట్లో గౌట్ ఉన్నవాళ్లు, డైటీషియన్లు దయచేసి చెప్పండి. ఏ మందుతో పాటు వాడారో, యూరిక్ యాసిడ్ రీడింగ్ ఎలా మారిందో కూడా రాస్తే చాలా మేలు చేసినవారవుతారు.