రెండు గంటలు ఓపిక పట్టి, ఆఖరికి రాణుల జత దగ్గర మునిగిపోతున్నాను

చింతగింజలు_అనంతపురం

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, విత్తనాల షాపు. శనివారం రాత్రి షాపు మూశాక మా మేడ మీద ఆరుగురం కూర్చుని పోకర్ ఆడతాం, హోల్డెమ్: చేతిలో తలా రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు. బెంగళూరులో ఉద్యోగం చేసొచ్చిన మా బావమరిది నేర్పించాడు. డబ్బు పెట్టం. ఆన్‌లైన్ డబ్బాటను మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, మాకు దాంతో పనీ లేదు. తలా 200 చింతగింజలు, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు పెట్టాల్సిన గింజలు) ఒకటి, రెండు. తొమ్మిదికి మొదలుపెడితే అర్ధరాత్రికి ఎవరి గిన్నెలో గింజలు తక్కువుంటే వాళ్లు ఆదివారం పొద్దున అందరికీ ఉగ్గాని, బజ్జీ తేవాలి. గత ఎనిమిది వారాల్లో ఐదుసార్లు నేనే తెచ్చాను. ఖర్చు గురించి నాకు బాధ లేదు. ఎందుకు ఓడిపోతున్నానో అర్థం కాకపోవడమే బాధ.

మొదట్లో ఏ ముక్కలొచ్చినా దిగేవాణ్ని. అది తప్పని తెలిసి బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను: పదుల జత, అంతకన్నా పెద్ద జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి. ఇవి తప్ప వేరే వాటితో దిగకూడదు. నెల రోజులుగా దానికే కట్టుబడి ఉన్నాను. ఉండటం ఎంత కష్టమో ఆడేవాళ్లకే తెలుసు. మొన్న శనివారం తొమ్మిది, నాలుగు వదిలేస్తే మధ్యలో తొమ్మిది, తొమ్మిది, నాలుగు పడ్డాయి. ఒళ్లు మండింది. అయినా మాట్లాడకుండా కూర్చున్నాను.

పదకొండు దాటాక ఇస్పేటు రాణి, ఆటీను రాణి వచ్చాయి. ముక్కల అంచు ఎత్తి చూస్తుంటే వేళ్లు వణికాయి. 8 గింజలకు పెంచాను. ముగ్గురు వచ్చారు. ఫ్లాప్‌లో, అంటే మధ్యలో మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఆసు, తొమ్మిది, మూడు. ఎదురుగా మందుల షాపాయన ఏమీ ఆలోచించకుండా 20 గింజలు ముందుకు తోశాడు. ఊరికే తోసే మనిషి కాదు. ఆసు ఉందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ మనసులో ఒకటే మాట: రెండు గంటలు ఆగింది దీనికోసమే కదా, ఇప్పుడు ఎట్లా వదిలేది? 20, తర్వాత 40, ఆఖర్న 72. అన్నీ కట్టాను. ఆయన దగ్గర ఆసు, ఏడు. ఒక్క ఆటలో 140 గింజలు పోయాయి.

నా ప్రశ్న ఇది. ఆగడం కొంత వచ్చింది. ఆగి ఆగి తెచ్చుకున్న మంచి ముక్కల్ని వదలడం మీలో ఎవరైనా నేర్చుకున్నారా? ఎట్లా?

బురుజుకాడ_కర్నూలు

తమ్ముడూ, నాకు పోకర్ రాదు. రమ్మీ నలభై ఏళ్ల నుంచి ఆడుతున్నా, ఆ లెక్కలో చెప్తా. పదమూడు ముక్కలు చేతికొచ్చాయి, లైఫ్ (జోకర్ లేకుండా ఒకే రంగులో వరస ముక్కలు) లేదు, జోకర్ లేదు, దగ్గరదగ్గర ముక్కలు కూడా లేవు. అప్పుడు 20 పాయింట్లు రాసుకుని స్కూట్ చేయాలి, అంటే ఆడకుండా ముక్కలు పడేయాలి. ఒక్క ముక్క లాగి చూద్దాం అంటే 40. ఇంకో రెండు చూద్దాం అనేలోగా ఎవరో షో చేసి ఆట ముగిస్తారు, 80, అంటే ఫుల్ కౌంట్ రాసుకోవాలి. నాలుగు స్కూట్లు పెడితే ఒక ఫుల్ కౌంట్. ఇది మా నాన్న నాకు చెప్పిన మొదటి లెక్క.

రెండోది కూడా ఆయన చెప్పిందే. స్కూట్ చేశాక, ఆట అయిపోయాక, మూసి ఉన్న పేకలో పై ముక్క తిప్పి చూస్తాం చూడు, "ఉండి ఉంటే ఇది నాకొచ్చేదే" అని, ఆ పని చేయనిచ్చేవాడు కాదు. చెయ్యి మీద కొట్టేవాడు. అది చూసినవాడు తర్వాతి ఆటలో స్కూట్ చేయలేడు. నేను వందసార్లు గమనించాను, నా మీద కూడా. మీ ఆటలో ముక్కలు మధ్యలో తెరిచే పరుస్తారు కాబట్టి చూడకుండా ఉండలేవు. అయితే వదిలేశాక ముక్కల వైపు కాకుండా మనుషుల వైపు చూడు. ఎవరు ఎంత తోస్తున్నారు, చివర్లో ఏం చూపిస్తున్నారు. మందుల షాపాయన ఊరికే తోయడని నీకు తెలిసింది అట్లా చూడబట్టే కదా.

1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆట అన్నది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, నైపుణ్యం అక్కడుంది అన్నారు. నువ్వు ఉంచుకోవడం నేర్చుకున్నావు. పారేయడం ఇంకా రాలేదు, అంతే.

ఏడురోడ్లు_కడప

అన్నా, నేను లెక్కల టీచర్‌ని. కాలేజీ రోజుల నుంచి పోకర్ ఆడుతున్నాను, డబ్బు లేకుండానే. మీ అట్ట మీది చీటీని లెక్క కట్టాను. 52 ముక్కల్లోంచి రెండు 1326 రకాలుగా రావచ్చు. మీరు రాసుకున్నవి అందులో 62. అంటే సుమారు 21 పంపకాలకు ఒకసారి. చేత్తో కలిపి పంచుకుంటే గంటకు ఒక 30 పంపకాలు అనుకుందాం, గంటకు ఒకటో రెండో వస్తాయి. ఆసుల జత అయితే 221కి ఒకటి, అంటే రెండున్నర శనివారాలకు ఒకసారి. అన్ని గంటలు ఆగితే వచ్చిన ముక్కలు దేవుడిచ్చినట్టే కనిపిస్తాయి. వదలబుద్ధి కాదు.

కాబట్టి నా మొదటి సలహా, చీటీని కొంచెం పెద్దది చేయండి. ఆరుగురి ఆటకు అది మరీ బిగుతు. మీరు ఆఖరున మాట్లాడే వంతు ఉన్నప్పుడు ఏడు, ఎనిమిది, తొమ్మిది జతలు, ఆసు-జాకీ, రాజు-రాణి కూడా ఆడండి. మొదట మాట్లాడాల్సి వస్తే మీ పాత చీటీ సరిపోతుంది.

ఇంకొకటి, ఆగడానికి మీకు ఖర్చయ్యేది ఎంతో చూడండి. ఆరు పంపకాలకు ఒక చుట్టు, చుట్టుకు 3 గింజలు. గంటకు 15. మూడు గంటలు ఒక్క ముక్క కూడా ఆడకపోయినా పోయేవి 45. ఆ ఒక్క రాణుల జతకు మీరిచ్చింది 140!

రాణుల జతతో దిగితే ఫ్లాప్‌లో ఆసో రాజో కనీసం ఒకటి పడటం నూటికి 41 సార్లు జరుగుతుంది. కాబట్టి దాన్ని దురదృష్టం అనుకోవద్దు, అది రోజూ జరిగేదే. జాకీల జతకు రాణిని కూడా కలిపి చూస్తే నూటికి 57. ఇది ముందే తెలిసి దిగితే ఆసు పడగానే గుండె జారదు. మీరు 8 పెడితే ముగ్గురు వచ్చారంటే ఈసారి 12 పెట్టండి. ఆసుల జత కూడా ఒక్కరి మీద నూటికి 85 సార్లు గెలుస్తుంది గానీ, ఐదుగురూ చివరిదాకా ఉంటే దాదాపు సగం సార్లే.

చింతగింజలు_అనంతపురం

పెద్దాయనకు, కడప టీచరమ్మకు నమస్కారాలు. రెండూ ప్రింటు తీసి షాపులో పెట్టుకున్నాను.

మీ మాటలు చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. చినుకు పడగానే ఊరంతా గొర్రు కట్టినా ఆయన కట్టేవాడు కాదు. చేలోకి పోయి, జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లో ముద్ద కట్టి చూసేవాడు. పదును లేదంటే ఇంకో వారమైనా సరే ఆగేవాడు. ఇంతవరకే నాకు గుర్తుండేది, అదే గొప్ప అనుకునేవాణ్ని. కానీ అంత ఆగి వేసిన చెనక్కాయ కూడా తర్వాత వాన మొహం చాటేస్తే ఎండిపోయేది. అట్లాంటి ఏడు ఇంకో తడికి అప్పు తేకుండా, కట్టె పశువులకు మేతగా తోలేసి, చేను దున్నేసేవాడు. మా అమ్మ ఏడ్చేది. ఆయన దున్నుతూనే ఉండేవాడు. ఆ రెండోది ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఈ శనివారం పదిన్నరకి జాకీల జత వచ్చింది, కళావరు, డైమన్. 12కు పెంచాను. మందుల షాపాయన ఒక్కడే వచ్చాడు. ఫ్లాప్‌లో రాజు, రాణి, ఆరు. 20 తోశాడు. ఊపిరి ఒకసారి తీసుకుని ముక్కలు బోర్లించి పక్కకు జరిపాను. ఆయన తన ముక్కలు పేకలో కలిపేశాడు. చూపించమని నేను అడగలేదు.

టీచరమ్మా, ఒక సందేహం. ఆఖరి వంతులో ఆసు-జాకీ ఆడమన్నారు కదా, నా ముందు ఎవరైనా అప్పటికే పెంచి ఉంటే కూడా దిగొచ్చా?