స్టేషన్ బయట గుర్రు పెడుతున్న మనిషిని లేపి ఉండవలసిందా?

ప్రశ్న:
మేము నలుగురు మిత్రులం ఆదివారం రాత్రుళ్లు వరంగల్, కాజీపేట స్టేషన్ల బయట పడుకునేవారికి అన్నం పొట్లాలు పంచుతాం. కిందటి నెల ఒకాయన గోడవారగా వెల్లకిలా పడుకుని, గొంతులో నీళ్లు ఆడుతున్నట్టు గుర్రు పెడుతుంటే, "తాగి పడుకున్నడు, లేపకుండ్రి" అన్నారు పక్కవాళ్లు. పొట్లం తల దగ్గర పెట్టి వచ్చేశాం. తెల్లారేసరికి ఆయన లేడు, పొట్లం ముడి విప్పలేదు. కల్లులో నిద్రమాత్రలు కలుపుకునేవాడని తర్వాత తెలిసింది. అమెరికాలో ముక్కులో కొట్టే విరుగుడు మందు నాలాక్సోన్ ఉంటే బతికేవాడా?

జవాబు 1:
నేను ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నాలాక్సోన్ హెరాయిన్, మార్ఫిన్, ఫెంటానిల్ వంటి నల్లమందు జాతి మందులకే విరుగుడు. బోస్టన్‌లో 2003–08 మధ్య 28,033 మంది నిరాశ్రయులను పరిశీలిస్తే 1,302 మంది మరణించారు. అందులో 219 మత్తుమందు మోతాదు మించిన చావులే, వాటిలోనూ పదింట ఎనిమిదింటికి ఈ జాతి మందులతో సంబంధం ఉంది కాబట్టి అక్కడ ఆ స్ప్రేకు అంత విలువ. మన కల్తీ కల్లులో కలిసే అల్ప్రజోలం, డయాజెపాం అనే నిద్రమాత్రల మీద అది పనిచేయదు. మీరు విన్నది నిద్ర గుర్రు కాకపోవచ్చు. నాలుక వెనక్కి జారి ఊపిరికి దారి మూసుకుపోయేటప్పుడూ అదే చప్పుడు వస్తుంది. గట్టిగా పిలిచి, రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో రుద్దినా కదలకపోతే, ఊపిరి ఆడుతున్నంతవరకు పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా దగ్గరే ఉండండి. పెదవులు నీలం తిరిగితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

జవాబు 2:
నర్సమ్మగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. జైలు నుంచో ఆసుపత్రి నుంచో వచ్చినవారి మీద ఎక్కువ కన్ను వేయండి. మానేసిన రోజుల్లో ఒళ్లు తట్టుకునే శక్తి పోతుంది, పాత మోతాదే ప్రాణం తీస్తుంది. అలాగని అలవాటైనవారి చేత ఒక్కసారిగా మాన్పించకండి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ వైపు ఎందరో ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల్లో చేరారు. మత్తు అలవాటు మాన్పించే (డీఅడిక్షన్) సలహాకు 14446 ఉచిత నంబరు.

ప్రశ్న అడిగినవారు:
అమ్మా, ఆయన ఒళ్లు అప్పటికి వెచ్చగానే ఉంది, పొట్లం పెడుతూ చెయ్యి తగిలింది. రొమ్ము మీద రుద్దడం ఎలాగో ఈ ఆదివారంలోగా మా నలుగురికీ చూపించగలరా?