అప్‌డేట్: రాట్‌వైలర్ మాత్రలో సగం మా కుక్కకు వేయొచ్చా అని అడిగాను కదా

ముందుగా సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. మాది నల్లగొండ పక్కన పల్లె. మా కుక్క రాజుకు గోమార్లు విపరీతంగా పట్టాయి, బావగారి రాట్‌వైలర్‌కు కొన్న ఫ్లూరాలనర్ (గోమార్లను చంపే మందు) మాత్ర ఒకటి మిగిలింది, సగం చేసి వేయొచ్చా అన్నది నా ప్రశ్న.

వేయలేదు. కిరాణా షాపులో బస్తాలు తూచే కాంటా మీద వాణ్ణి ఎత్తుకుని నిలబడి, నా బరువు తీసేస్తే 14 కిలోలు తేలింది. పశువుల డాక్టరుగారు ముందు చిగుళ్లు చూశారు, తెల్లబడితే గోమార్ల జ్వరం అనుమానించాలట. మావాడివి ఎర్రగానే ఉన్నాయి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అని కూడా అడిగారు, వచ్చిన కుక్కలకు ఈ రకం మందు జాగ్రత్తగా చూసి ఇవ్వాలి. బావగారి మాత్ర 20 నుంచి 40 కిలోల కుక్కలకు, 1000 మిల్లీగ్రాములది. విరవకూడదు. 10 నుంచి 20 కిలోలకు 500 మిల్లీగ్రాములది వేరే ఉంది, అదే రాశారు. అన్నం తిన్నాక వేశాం.

మందు రక్తంలో ఉంటుంది కాబట్టి గోమారి కుట్టాకే చస్తుంది. వేసిన వెంటనే ఒంటి మీద కనబడితే టెన్షన్ పడకండి. అసలు పని ఇంట్లోనే ఉంది: షాబాద్ బండల సందుల్లో, గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి. సందులన్నీ గీకి, సిమెంటు పూశాం. గేదెలకు కొట్టే మందు మాత్రం కుక్క ఒంటికి పూయొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు దాని దగ్గరకు కూడా రానివ్వకండి, ప్రాణం పోతుంది.

రెండో మాత్ర 12 వారాలకు. అప్పటికి మళ్లీ తూచాకే కొంటాం.