విశాఖ ఆర్కే బీచ్ ఇసుక గొడవ: "నా అభిప్రాయం నాది" అంటే వాదన అయిపోయినట్టేనా?

ఉప్పుగాలి:
నిన్న సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ముంత మసాలా తింటూ బాబాయ్, నేనూ వాదించుకున్నాం. బీచ్ కోతకి కారణం 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానే అంటాడాయన. తుపాను దెబ్బ కాదనను. కానీ 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక పట్టుకున్న రోగమిది అన్నాను. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర హార్బరు రాతి గోడలు దానికి అడ్డం. అందుకే పోర్టు డ్రెడ్జర్‌తో ఆ ఇసుక తోడించి ఇటు పోయిస్తుంది. అంతా విని, పొట్లం కాగితం నలిపి పారేసి "నా అభిప్రాయం నాది రా" అన్నాడు. ఇక నేనేం మాట్లాడను? ఇలాంటి మాటకి వాదనలో విలువ ఇవ్వాలా?

జగదాంబ సెంటర్:
అక్కర్లేదు. కారణమేమిటో ఓట్లేసి తేల్చలేం. మా ఆఫీసులోనూ ఇంతే, లెక్క తప్పని చూపిస్తే "నా ఫీలింగ్ అదండీ" అంటారు. ఫీలింగ్‌తో లెడ్జర్ ట్యాలీ అవుతుందా?

జాలరిపేట కుర్రాడు:
ఆగండి గురూ. మా నాన్న అలివి వల లాగేవాడు. ఒడ్డున రెండు జట్లు చెరో కొస పట్టుకుని లాగాలి, దానికి ఇసుకలో బోలెడు చోటు కావాలి. "ఆ చోటే పోయింది బాబూ" అని ఒక మీటింగులో చెబితే, "అది మీ పర్సనల్ ఒపీనియన్" అన్నారొకాయన. ఏటి ఒపీనియన్? తాడు పట్టి నిలబడ్డ మనిషి చూసింది అది.

ఉప్పుగాలి:
ఒప్పుకుంటాను. ఇసుక తగ్గిందనేంతవరకూ మీ నాన్నగారు సాక్షే. ఎందుకు తగ్గిందన్న దగ్గర మాత్రం ఆయనా మా బాబాయ్ పక్కన నిలబడాల్సిందే.

జాలరిపేట కుర్రాడు:
నిలబడతాడు. కానీ గాలి మారితే సముద్రం ఒడ్డుని ఎటు తింటుందో ముందే చెబుతాడు. వెళ్లి చూసుకోమంటాడు.

ఉప్పుగాలి:
చూసుకోమనేవాళ్లతో నాకు పేచీ లేదు. బాబాయ్ చూడనివ్వడు, అదే బాధ.

ఎంవీపీ కాలనీ అక్క:
మీరంతా ఒక్క ప్రశ్నే పట్టుకు వేలాడుతున్నారు. రాళ్లు పేర్చి రోడ్డు కాపాడుకుందామా, ఏటేటా ఇసుక పోయిస్తూ బీచ్ నిలుపుకుందామా? దీనికి ఇంజినీరు ఖర్చు చెబుతాడు గానీ, మనకేది కావాలో ఆయనెలా చెబుతాడు? అక్కడ మన అభిప్రాయమే కావాలి, కారణంతో సహా. నాకు ఇసుకే కావాలి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే నడిచేది అక్కడే. రాళ్ల మీద నడవలేరు (స్వార్థమే అనుకోండి).

జగదాంబ సెంటర్:
రోడ్డు కుంగితే అత్తగారు బీచ్‌కి ఎలా వస్తారండీ?

ఎంవీపీ కాలనీ అక్క:
అదీ నిజమే. గట్టు మరీ తినేసిన చోట రాళ్లు వేయండి, మిగతాది వదిలేయండి.

ఉప్పుగాలి:
ఇదంతా బాబాయ్‌కి చదివి వినిపించాను. "ఒకచోట రాళ్లేస్తే కెరటం పక్కనున్న ఇసుక మీద పడుతుంది రా, అదెవరూ అడగరే?" అన్నాడు. నిన్న ఈ మాట అని ఉంటే ఇంకో పొట్లం కొనిపెట్టేవాణ్ణి.