సుగ్గికి పోయినోళ్ళు 'వలసదారులు' అవుతారా?

ఆదోని నుంచి:
ఒక మాట తేల్చండి సామీ. పోయిన వారం కోసిగిలో మా అవ్వ ఇంటికాడ జరిగింది. ఓటర్ల జాబితా సరిచూసేకి వచ్చినాయన పక్కింటి తాళం చూసి, నలుగురి పేర్ల పక్కన పెన్సిల్‌తో 'వలస' అని రాసుకున్నాడు. అరుగు మీద శనక్కాయలు ఒలుస్తున్న అవ్వ ఊరుకోలేదు. "వలస ఏంది నాయనా, వాళ్ళు సుగ్గికి పోయినారు. ఉగాదికి వస్తారు." ఆయనకు రెండూ ఒకటే, అవ్వకు కాదు.

సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం. మా పక్క గుంటూరు మిరపకాయ కోతకు పోవడానికి ఆ మాటే నిలిచిపోయింది. ఇక్కడ పని లేకే పోతారు గానీ, ఆ మాటలో తిరిగి రావడం కూడా ఉంది. పేపర్లో మాత్రం వీళ్ళు 'వలస కూలీలు'. అదే పేజీలో అమెరికా సరిహద్దు దాటినవాడు కూడా 'వలసదారు'. రాత్రి టీవీలో "వలసదారులకు ఓటా?" అని అరుస్తుంటే, పక్కింటోళ్ళ గురించేమో అని అవ్వ సౌండు పెంచింది.

కడప నుంచి:
మా ఊళ్ళో కాపురమున్న బ్రౌన్ దొర నిఘంటువు తీయన్నా. శత్రుసేన వస్తుందనే భయంతో ఇల్లూ వాకిలీ వదిలి పోవడమని ఉంటుంది వలసకు. తర్వాత ఆ మాట యాడికో పోయింది. తెల్లోళ్ళ పెత్తనాన్ని కూడా 'వలస పాలన' అన్నాం. వచ్చి ఏలినోడికీ, పారిపోయినోడికీ ఒకటే మాట!

పారిపోయినోడికి అచ్చంగా 'కాందిశీకుడు' ఉండె. కాం దిశం, అంటే ఏ దిక్కుకు పోదును అని. దిక్కుతోచక వేసిన కేకే వాని పేరైంది. అమరకోశంలో 'కాందిశీకో భయద్రుతః' అని, అంటే భయంతో పారిపోయినోడని ఉంది. బర్మా నుంచి వచ్చినోళ్ళను కాందిశీకులనే అనేవాళ్ళు. ఇప్పుడు పేపరోళ్ళకు నోరు తిరగదేమో, ఎక్కువగా 'శరణార్థి'తోనే సరిపెడుతున్నారు.

రాయదుర్గం నుంచి:
శరణార్థి మా ఇంట్లో రోజూ వినే మాట. లింగాయతులం కదా, ఎవరైనా 'శరణు' అంటే 'శరణార్థి' అని బదులిస్తాం. వార్తల్లో 'శరణార్థుల శిబిరం' అన్నప్పుడల్లా మా నాయన తలెత్తి చూస్తాడు.

అర్థి అంటే అడిగేవాడు. ఆశ్రయం ఇమ్మని అర్జీ పెట్టి తీర్పు కోసం కూర్చున్నోడే సరిగ్గా శరణార్థి. అర్జీ ఒప్పుకున్నాక వాణ్ణి ఏమనాల? మనం అప్పుడూ శరణార్థే అంటున్నాం. యూరప్‌లో గలాటా సగం ఈ ఇద్దరి మధ్య తేడా మీదే. మన తర్జుమాలో ఇద్దరూ ఒకడైపోయినారు. 'చొరబాటుదారు' అన్నామంటే ఇంక విచారణతో పనే లేదు, తీర్పు పేరులోనే ఉంది. ఇంకో చిత్రం: మన దేశం 1951 ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. పౌరసత్వ చట్టంలో 'అక్రమ వలసదారు'కు నిర్వచనం ఉంది, శరణార్థికి లేదు.

కడప నుంచి:
ఓటు లెక్క ఇంకా తిక్కగా ఉంటుంది. లండన్‌లో చదువుకునే మా పిన్నమ్మ కొడుకు కామన్‌వెల్త్ పౌరుడు కాబట్టి 2024లో అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటేసినాడు. ఆశ్రయం దొరికిన ఆఫ్ఘన్ మనిషికైతే అక్కడి పౌరసత్వం వచ్చేదాకా ఆ ఓటు లేదు. కువైట్‌లో ఇరవై ఏండ్లుగా ఉన్న మా మామకు అక్కడ ఓటు ఊసే లేదు. ఇక్కడ జాబితాలో పేరుంటే విమానం దిగొచ్చి వేసుకోవాల.

ఆదోని నుంచి:
సుగ్గి సంగతి నేనే వెతికినా. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలో మాట 'సాధారణ నివాసి'. తాత్కాలికంగా ఊళ్ళో లేనంతమాత్రాన ఆ నివాసం పోదని 20వ సెక్షన్. చట్టం చదవకుండానే అవ్వ అదే చెప్పింది.

రాయదుర్గం నుంచి:
ఇంతకూ ఆ పెన్సిల్ రాత ఏమైందన్నా?

ఆదోని నుంచి:
చెరిపినాడు. మరి ఏం రాయాలని అడిగితే, "కనిపించింది రాసుకో, తాళం" అనింది అవ్వ.