లిథియం వాడుతుండగానే ఓలంజపిన్ కూడా రాశారు. రెండూ అవసరమా?

గుంటూరు అక్క:
మా తమ్ముడికి 27 ఏళ్లు. బైపోలార్ (మూడ్ విపరీతంగా ఎగసి, మళ్లీ బాగా పడిపోయే మానసిక జబ్బు) అని తెలిసి ఐదేళ్లయింది. లిథియం 900తో ఇన్నాళ్లూ బాగానే ఉన్నాడు. పది రోజులుగా నిద్ర లేదు. మొన్న తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే వంటింట్లో డబ్బాలన్నీ నేల మీద పరిచి, కందిపప్పు సీసాల్లోకి పోస్తూ గట్టిగా పాడుతున్నాడు. "అక్కా, మనం పచ్చళ్లు అమెరికా పంపుతున్నాం" అన్నాడు. అప్పటికే 40 వేలు పెట్టి గాజు సీసాలు ఆర్డర్ చేసేశాడు.

డాక్టర్ గారు లిథియం ఆపొద్దని, రాత్రికి ఓలంజపిన్ 10 కలిపారు. లిథియం లెవెల్ టెస్టు రాశారు. ఒక మందుకే భయపడే అమ్మ, రెండోది చూసి ఏడుస్తోంది. లిథియం ఇక పనిచేయనట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

కాకినాడ వదిన:
భయపడకమ్మా. మావారికి రెండుసార్లు ఇలాగే కలిపారు. మూడో రాత్రికి ఆరు గంటలు నిద్రపోయారు. ఆ రాత్రి నేనూ పడుకున్నాను. కానీ ఆకలి మాత్రం విపరీతం. పదకొండింటికి లేచి అన్నం గిన్నె ముందు కూర్చునేవారు, మూడు నెలల్లో 8 కిలోలు పెరిగారు. బరువు, షుగర్, కొలెస్ట్రాల్ ఇప్పుడే చూపించి రాసి పెట్టుకో. ఏటీఎం కార్డు, ఫోన్‌లో డబ్బులు పంపే యాప్‌లు కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో. పోట్లాడి లాక్కోవద్దు, అడిగి తీసుకో.

రాత్రి డ్యూటీ నర్సు:
మానసిక వార్డులో పనిచేస్తాను. లిథియం మెల్లగా పట్టుకునే మందు, ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఓలంజపిన్, క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటివి రోజుల్లోనే ఉధృతిని దించుతాయి. అందుకే రెండూ కలుపుతారు.

టెస్టుకి రక్తం చివరి డోసు వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. పొద్దున మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేయండి. మేనియా (ఇలా నిద్ర లేకుండా హుషారు హద్దు దాటే దశ) ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో లిథియం లెవెల్ 0.8 నుంచి 1.2 మధ్య ఉండేలా చూస్తారు. ఒళ్లు నొప్పులని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేయకండి, లెవెల్ పెరిగిపోతుంది. ఈ ఎండలకి నీళ్లు బాగా తాగించండి, ఉప్పు ఒక్కసారిగా మాన్పించొద్దు. వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

గుంటూరు అక్క:
లెవెల్ 0.4 వచ్చింది. బీరువాలో చొక్కాల కింద మాత్రల షీట్లు దొరికాయి, చాలావరకు రేకు చిరగనే లేదు. లిథియం వల్ల చెయ్యి వణికి, ఆఫీసులో టీ గ్లాసు ఒలికి, అందరూ చూశారట. అప్పటి నుంచి మాత్రలు సరిగ్గా వేసుకోవడం మానేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. డాక్టర్ గారికి అంతా చెప్పాం. లిథియం మళ్లీ సరిగ్గా మొదలుపెట్టించి, ఓలంజపిన్ కొనసాగిస్తున్నారు, వణుకు సంగతి కూడా చూస్తానన్నారు. నిన్న రాత్రి ఐదు గంటలు పడుకున్నాడు. సీసాలు వచ్చేశాయి. హాల్లో అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి, ఇంకా విప్పలేదు.