పెద్ద యాప్‌లు టెలికాం కంపెనీలకు ఫీజు కడితే చిన్న స్టార్టప్‌లకు నష్టమా?

మారతహళ్లి_మాస్టారు: ఎక్కువ ట్రాఫిక్ తెచ్చే యాప్‌లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని టెలికాం ఆపరేటర్ల సంఘం సీఓఏఐ అడుగుతోంది. "పెద్దవాళ్ల గొడవ, మనకెందుకు" అంటున్నారు ఇక్కడ చాలామంది. నేను ఒప్పుకోను. మేం నలుగురం పదో తరగతి పాఠాల యాప్ నడుపుతున్నాం. పిల్లలు ఎక్కువగా మదనపల్లె, హిందూపురం వైపువాళ్లు. సాయంత్రానికి రోజువారీ డేటా అయిపోతుంది, లెక్కల వీడియో నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదే సమయంలో ఫీజు కట్టిన కంపెనీ పాఠం ఉచితంగా వస్తే మాది ఎవరు చూస్తారు? 2015లో ఎయిర్‌టెల్ జీరో పద్ధతి అదే. గొడవయ్యాక ఫ్లిప్‌కార్ట్ తప్పుకుంది. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పద్ధతినే నిషేధించింది కాబట్టి మాలాంటివాళ్లం నిలబడ్డాం.

టవర్_బాబాయ్: రెండూ కలిపేస్తున్నారు మాస్టారూ. అది ఉచిత డేటా, ఇది నెట్‌వర్క్ ఫీజు. 2022 వేలంలో స్పెక్ట్రమ్‌కే లక్షన్నర కోట్లు పెట్టారు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి?

వైట్‌ఫీల్డ్_వాసి: రీఛార్జ్ రేట్లు పెంచుతూనే ఉన్నారుగా బాబాయ్.

మారతహళ్లి_మాస్టారు: కలపడం లేదు. ఫీజు మొదలైతే కట్టినవాడికి ఒక దారి, కట్టనివాడికి ఒక దారి అవుతుంది. దక్షిణ కొరియా చూడండి. నెట్‌వర్క్ ఫీజులు భరించలేక 2024 ఫిబ్రవరిలో గేమ్‌ల లైవ్ వీడియోల సైట్ ట్విచ్ అక్కడ మూసేసింది.

టవర్_బాబాయ్: ట్విచ్ అమెజాన్‌ది. అది చిన్న కంపెనీయా?

హెచ్‌ఎస్‌ఆర్_కోడర్: అమెజాన్ చేతిలో ఉన్నదే తట్టుకోలేకపోయింది, ఇక చిన్నవాళ్ల గతేంటి?

టవర్_బాబాయ్: నేనడిగింది అది చిన్న కంపెనీయా కాదా అని. దానికి జవాబు లేదు. పైగా పెద్ద కంపెనీలు తమ వీడియోల కాపీలు దాచే కాష్ సర్వర్లు ఆపరేటర్ల దగ్గరే పెట్టుకున్నాయి. ఇలా దగ్గరి సర్వర్ల నుంచి పంపే సీడీఎన్‌లకు, అన్ని యాప్‌లనూ సమానంగా చూడాలనే నెట్ న్యూట్రాలిటీ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. ఇంకెక్కడి సమానత్వం?

మారతహళ్లి_మాస్టారు: సీడీఎన్ మేమూ నెలకింత అని అద్దెకు తీసుకుంటాం. ఒకడు రేటు పెంచితే ఇంకొకడి దగ్గరికి వెళ్తాం. మా పిల్లాడి చేతిలో ఉన్న సిమ్ మాత్రం ఒక్కటే. ఆ ఆపరేటర్ డబ్బులడిగితే నేనెటు పోవాలి? ఇది కూడా అర్థం కాకుండా వాదిస్తే ఎలా?

టవర్_బాబాయ్: నాకు అర్థం కాదా? బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర రోడ్డు తవ్వి ఫైబర్ తెంపితే అర్ధరాత్రి వానలో గుంటలోకి దిగి తెగినవి అతికించింది మేము. మా కంపెనీ విలీనమయ్యాక మా టీమ్ మొత్తాన్ని పంపేశారు. 2015లో నెట్ న్యూట్రాలిటీ కోసం మీరంతా కలిసి ట్రాయ్‌కి పది లక్షలకు పైగా మెయిళ్లు పంపారు. మా ఉద్యోగాలు పోతే ఇదే వేదికలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

ఎలక్ట్రానిక్‌సిటీ_అక్క: ఆ మాట నిజం అన్నయ్యా.

మారతహళ్లి_మాస్టారు: మీకు అన్యాయం జరిగింది బాబాయ్, కాదనను. కానీ ఫీజు వసూలైతే అందులో ఒక్క రూపాయి గుంటలో దిగేవాడికి చేరుతుందని ఎవరైనా రాసిచ్చారా? పెద్దవాళ్లు కట్టాల్సిందే అంటే ప్రభుత్వమే పన్నుగా తీసుకుని, పల్లెల్లో నెట్‌వర్క్ కోసం ఉన్న డిజిటల్ భారత్ నిధిలో వేయనీ. ఎవరి యాప్ ఎలా వెళ్లాలో తేల్చే అధికారం మాత్రం ఆపరేటర్‌కు ఇవ్వొద్దు.

టవర్_బాబాయ్: రాసివ్వలేదు. కంపెనీని నేనూ నమ్మను. కానీ డబ్బు తక్కువైన ప్రతిసారీ ముందు తీసేసేది ఫీల్డ్ వాళ్లనే. ఆ నిధి పల్లెటూళ్ల టవర్లకు, సిల్క్ బోర్డు గుంటకు రాదు. పన్ను వేయమనండి, సరే. అందులో మెయింటెనెన్స్ వాళ్ల జీతాలకు ఎంతో కూడా రాయమనండి. అప్పుడు మీ పిటిషన్ మీద నేనూ సంతకం పెడతాను.